బంప్ స్టాక్‌ల కట్టడికి ఏది మేలు: శాఖ నిబంధనా, రాష్ట్ర చట్టమా, అమెరికా కాంగ్రెస్ చట్టమా?

2017 అక్టోబరు 1న లాస్ వేగాస్‌లో ఒక హోటల్ 32వ అంతస్తు నుంచి సంగీతోత్సవానికి వచ్చిన జనంపై ఒక్క మనిషి సుమారు పది నిమిషాల్లో వెయ్యికి పైగా తూటాలు కురిపించాడు. గాయాలతో ఆ తర్వాత కన్నుమూసిన వారితో కలిపి 60 మంది బలయ్యారు. అంత వేగం సాధ్యం కావడానికి కారణం బంప్ స్టాక్. రైఫిల్ మడమ (భుజానికి ఆనించే వెనుక భాగం) స్థానంలో దీన్ని బిగిస్తే, పేలిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి జరిగి, ముందుకు నెట్టే చేతి ఒత్తిడితో తిరిగి వచ్చి, కదలకుండా ఉంచిన వేలికి ట్రిగ్గర్ మళ్లీ మళ్లీ తగులుతుంది.

దీన్ని అదుపు చేయడానికి అమెరికా ముందు మూడు దారులున్నాయి. మొదటిది ఆయుధాల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్ జారీ చేసే నిబంధన. ఓటింగ్ అక్కర్లేదు కనుక ఇది త్వరగా వస్తుంది. 2018 డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వ హయాంలో ఏటీఎఫ్ బంప్ స్టాక్‌లను మెషిన్ గన్‌ల కోవలో చేర్చి, కొన్నవారు వాటిని ధ్వంసం చేయాలని లేదా అప్పగించాలని ఆదేశించింది. అయితే ఇదే సంస్థ 2010లో బంప్ స్టాక్ మెషిన్ గన్ కిందికి రాదని తేల్చింది. ఆ మాట నమ్మి డబ్బు పెట్టి కొన్న పౌరుడిని, చట్టంలో ఒక్క అక్షరం మారకుండానే నేరస్థుడిని చేయవచ్చా అన్న తుపాకీ హక్కుల వాదుల ప్రశ్న న్యాయమైనదే. దాన్ని మొండివాదమని కొట్టిపారేయడం సరికాదు.

ట్రిగ్గర్ ఒక్కసారి పనిచేస్తే ఒకటికి మించి తూటాలు వాటంతటవే వెలువడేదే మెషిన్ గన్ అని 1934 నాటి చట్టం నిర్వచిస్తోంది. బంప్ స్టాక్‌తో ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తుందంటూ 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ నిబంధనను కొట్టివేసింది. ఎదుట నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్న వారికి ఈ యాంత్రిక భేదంతో పనేముందన్న బాధ నాకూ ఉంది. కానీ నిర్వచనంలోని ఆ లోటును పూడ్చవలసింది శాసనకర్తలే.

రాష్ట్ర చట్టాలు ఇంతకంటే గట్టిగా నిలిచాయి. ఆ తీర్పు కేంద్ర చట్టంలోని పదాల అర్థానికే పరిమితమైంది, ఆయుధ హక్కుకు సంబంధించిన రెండవ రాజ్యాంగ సవరణ జోలికి పోలేదు. అందువల్ల కాలిఫోర్నియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల నిషేధాలు అలాగే ఉన్నాయి. వీటి బలహీనత సరిహద్దే: కాలిఫోర్నియాలోని తెలుగు కుటుంబానికి ఉన్న రక్షణ టెక్సాస్‌లోని బంధువులకు లేదు.

అందుకే నా దృష్టిలో మూడో దారి, అంటే అమెరికా జాతీయ చట్టసభ కాంగ్రెస్ చేసే చట్టమే మేలు. చట్టాన్ని సవరించే మార్గం కాంగ్రెస్‌కు ఉందని మెజారిటీతో ఏకీభవిస్తూనే జస్టిస్ అలిటో విడిగా రాశారు. అయినా తీర్పు వచ్చిన కొద్ది రోజులకే కాంగ్రెస్ ఎగువ సభ సెనేట్‌లో నిషేధం కోసం ఏకగ్రీవ ఆమోదం కోరుతూ తెచ్చిన ప్రతిపాదన అది దొరకక ఆగిపోయింది. జాప్యమే ఈ దారికున్న పెద్ద లోపం. పైగా కాంగ్రెస్ ఎప్పుడూ కట్టడి వైపే మొగ్గుతుందన్న హామీ లేదు. తుపాకీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్లపై 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్నును 2025లో చేసిన చట్టం 2026 జనవరి నుంచి సున్నా చేసింది. అయినప్పటికీ అక్కడ జరిగే మార్పుకు సభ్యులు ఓటుతో జవాబుదారీ అవుతారు, తుపాకీ కొనేవాడికి ఏది నేరమో ముందే తెలుస్తుంది, ప్రభుత్వం మారగానే దాని అర్థం మారిపోదు.