అలోషా సబ్బు, వెరోనికా తప్పు: రెండు సోవియట్ యుద్ధచిత్రాల్లో ఏది మేలు?

సోవియట్ యుద్ధచిత్రాలను కొత్తగా చూడదలచినవారికి ముందుగా వినిపించే పేర్లు రెండు: మిఖాయిల్ కలతోజోవ్ 1957లో తీసిన ‘ది క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్’, గ్రిగోరి చుఖ్రాయ్ 1959లో తీసిన ‘బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్’. రెండూ నలుపు తెలుపుల్లో తీసినవే, గంటన్నరకు అటూ ఇటూగా ముగిసేవే. 1953లో స్టాలిన్ మరణించిన తరువాత, నాయకుల విజయాలకు బదులు మామూలు మనుషుల దుఃఖాన్ని తెరకెక్కించే వీలు చిక్కిన కాలంలోనే రెండూ వచ్చాయి.

‘బాలడ్’ కథ చాలా చిన్నది. పంతొమ్మిదేళ్ల అలోషా భయంతో పరుగెత్తుతూనే రెండు జర్మన్ ట్యాంకులను ధ్వంసం చేస్తాడు. పతకం ఇస్తానన్న జనరల్‌ను, అది వద్దు, ఊరికి వెళ్లి అమ్మ ఉంటున్న ఇంటి కప్పు బాగుచేసి వస్తానని అడుగుతాడు. దొరికిన సెలవు ఆరు రోజులు. దారిలో ఒక కాలు పోగొట్టుకున్న సైనికుడికి, గూడ్సు పెట్టెలో ఎదురైన షూరా అనే అమ్మాయికి సాయపడుతూ ఆ రోజులన్నీ ఖర్చుచేసుకుని, చివరకు తల్లిని కావలించుకునేందుకు కొద్ది నిమిషాలు మాత్రమే మిగుల్చుకుంటాడు. కొడుకు వచ్చాడని తెలిసి తల్లి పొలాల మీదుగా పరుగెత్తే దృశ్యాన్ని కళ్లు చెమర్చకుండా చూడడం నాకు ఎప్పుడూ సాధ్యం కాలేదు. అతడు యుద్ధం నుంచి తిరిగిరాడని చిత్రం మొదట్లోనే మనకు చెప్పేస్తుంది కనుక, ఆ పరుగులోని ప్రతి అడుగూ మరింత బరువుగా తోస్తుంది. స్వయంగా స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడిన చుఖ్రాయ్, ముఖ్యపాత్రలకు పేరున్న నటులను కాక ఇవాషోవ్, ప్రొఖొరెంకో అనే ఇద్దరు విద్యార్థులను తీసుకోవడం వల్ల ఆ అమాయకత్వం ఎక్కడా నటనలా అనిపించదు.

‘క్రేన్స్’ ఇంత సూటిగా సాగదు. ప్రేమించిన బోరిస్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరతాడు, తల్లిదండ్రులు వైమానిక దాడిలో పోతారు, దిక్కుతోచని స్థితిలో వెరోనికా బోరిస్‌కు వరుసకు సోదరుడైన మార్క్‌ను పెళ్లాడుతుంది. ఇందులో సెర్గేయ్ ఉరుసేవ్‌స్కీ కెమెరా పనితనం అపూర్వం. తొలి దృశ్యాల్లో బోరిస్ ఉత్సాహంగా మెట్లెక్కుతుంటే కెమెరా అతడితోపాటు గిరగిరా పైకి తిరుగుతుంది. బాంబులు పడ్డాక వెరోనికా మంటల మధ్య తన ఇంటి మెట్లెక్కి తలుపు తీస్తే అవతల గది ఉండదు, శూన్యం ఉంటుంది. బురదనేలలో తూటా తగిలి ఒరిగిపోతున్న బోరిస్ కళ్లకు తలపైని బిర్చి చెట్లు సుడులు తిరుగుతూ ఉండగా, మళ్లీ ఆ మెట్లే, వాటిపై జరగని పెళ్లి కనిపిస్తాయి. క్రౌంచమిథునంలో ఒకటి నేలకూలిన చోట కావ్యం మొదలైందని విన్న మనకు, ఆకాశంలో బారులు తీరిన కొంగలతో మొదలై వాటితోనే ముగిసే ఈ చిత్రం పరాయిదిగా అనిపించదు.

నా నిర్ణయానికి కారణం మాత్రం కెమెరా కాదు. రెండు చిత్రాల్లోనూ సైనికుడి కోసం ఎదురుచూడలేకపోయిన స్త్రీ ఉంది. ‘బాలడ్’లో పావ్లోవ్ అనే సైనికుడు తన భార్యకు ఇమ్మని అలోషా చేతికి సబ్బు ఇచ్చి పంపుతాడు. దళం మొత్తానికి ఉన్నది ఆ రెండు బిళ్లలే కనుక అది ఎంత విలువైన కానుకో మనకు తెలుసు. ఆమె మరొకరితో ఉంటున్నదని గ్రహించిన అలోషా ఇచ్చిన సబ్బును వెనక్కి తీసుకుని, పావ్లోవ్ తండ్రికి అందజేస్తాడు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడి కోపంగా అది సహజమే, కానీ ఆ ఇంట్లో ఆమె ఏ స్థితిలో ఆ నిర్ణయానికి వచ్చిందో చిత్రం అడగదు. కలతోజోవ్ సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే చిత్రమంతా నిలిపాడు. ఆస్పత్రిలో బోరిస్ తండ్రి, ప్రియురాలు మరొకరిని పెళ్లాడిందని కుమిలిపోతున్న సైనికుణ్ని ఓదార్చబోయి, ఎదురుచూడని ఆడవాళ్లను తీవ్రంగా నిందిస్తాడు. ఆ మాటలు వింటూ పక్కనే నిలబడిన వెరోనికా ముఖాన్ని, ఆ వెంటనే రైలు పట్టాల వైపు ఆమె తీసే పరుగును చూసినవారెవరూ ఆమెను తేలికగా తప్పుపట్టలేరు. చిన్నవారితో, పెద్దవారితో కలిసి ఇంటిల్లిపాదీ చూడాలనుకుంటే ‘బాలడ్’తోనే మొదలుపెట్టవచ్చు. రెండింటిలో ఒక్కటే చూసే తీరిక ఉన్నవారికి మాత్రం, తతియానా సమోయిలోవా వెరోనికాగా నటించిన, 1958లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అయిన పామ్ డోర్ అందుకున్న ‘క్రేన్స్’నే నేను చూడమంటాను.