టెయిడే రోడ్డు: బెంగళూరు సైక్లిస్టులు ఎక్కడ దిగాలి, ఎటునుంచి ఎక్కాలి

నంది హిల్స్ దారిలో వారాంతాల్లో కలిసే మన తెలుగువాళ్లలో ఈమధ్య ఎవరిని కదిపినా టెనరీఫ్ మాటే. అట్లాంటిక్‌లో, ఆఫ్రికా తీరానికి దగ్గర్లో ఉన్న స్పెయిన్ దీవి అది. దాని నడిమధ్య 3,715 మీటర్ల టెయిడే అగ్నిపర్వతం. శిఖరం దాకా రోడ్డు లేదు గానీ, 2,300 మీటర్ల దాకా నున్నటి తారు రోడ్డు ఉంది. మేము తొక్కి వచ్చామని తెలిసినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే: "నంది ఎక్కితే సరిపోతుందా అన్నా?" సరిపోతుందా లేదా అన్నది మీరు అక్కడ ఎక్కడ బస చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నందిలో 40 మలుపులు, ఏడు కిలోమీటర్ల పైచిలుకు ఎక్కుడు. కాళ్లు మంటెత్తే వేళకి పైన గేటు కనిపిస్తుంది. టెయిడేకి లాస్ క్రిస్టియానోస్ తీరం నుంచి బయల్దేరితే రెండు వేల మీటర్లకు పైగా ఎక్కాలి. నాలుగైదు నందులు, మధ్యలో దిగుడన్నది లేకుండా. వాలు చాలాచోట్ల 5, 6 శాతమే, కానీ గంటల తరబడి తెగదు. లేచి నిలబడి తొక్కేవాళ్లు సగం దారిలోనే చతికిలబడతారు. మా సాధనలో నందిని ఒకే పొద్దున రెండుసార్లు ఎక్కడం కన్నా, బెంగళూరు నుంచి మదనపల్లె దాకా తొక్కి, అలసిన కాళ్లతో హార్స్‌లీ హిల్స్ ఎక్కడమే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఇక బస సంగతి. చాలామంది లాస్ క్రిస్టియానోస్‌లోనే దిగుతారు. విమానాశ్రయం దగ్గర, అద్దె సైకిళ్ల దుకాణాలు బోలెడు, ఇండియన్ రెస్టారెంట్లు కూడా ఉన్నాయి. వచ్చిన రోజు నిద్ర తీర్చుకోడానికి, సైకిల్ తీసుకోడానికి బాగుంటుంది. అంతకుమించి అక్కడ ఉండొద్దు. రోజూ పొద్దున్నే ఊళ్ల ట్రాఫిక్‌లో, ఎండలో, అరోనా మీదుగా అదే ఎక్కుడు ఎక్కాలి. అసలు అందం మొదలయ్యే చోటికి చేరేసరికి సగం శక్తి అయిపోతుంది.

నన్నడిగితే విలాఫ్లోర్. 1,400 మీటర్ల ఎత్తున, పైన్ అడవి అంచున ఉన్న చిన్న ఊరు. దీవిలో సీసాల్లో అమ్మే నీళ్లకి పేరున్న ఊరు కూడా. పొద్దున తలుపు తీస్తే చల్లటి గాలి, పైన్ వాసన. మేం దిగిన ఇంట్లో సైకిళ్లకి తాళం వేసే గది, బట్టలు ఉతుక్కునే మెషీన్, వంటగది ఉన్నాయి. సైక్లిస్టుకి ఇంతకంటే ఏం కావాలి? రాత్రి చలి మాత్రం గట్టిది, హీటర్ ఉందో లేదో ముందే అడగండి. ఊళ్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, అరటిపళ్లు, బ్రెడ్డు ముందురోజే కొనిపెట్టుకోవాలి.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. పాపాస్ అరుగాదాస్ అని చిన్న బంగాళాదుంపలు తొక్కతో సహా ఉప్పునీళ్లలో ఉడికిస్తారు. నీరంతా ఇగిరి, ముడతలు పడ్డ తొక్క మీద ఉప్పు తెల్లటి పొరలా అంటుకుని ఉంటుంది. కొత్తిమీర, వెల్లుల్లి వేసిన పచ్చ మోహో పచ్చడిలో ముంచుకుని తినాలి. చెమట కక్కి వచ్చిన ఒంటికి ఆ ఉప్పు ప్రాణం పోసినట్టుంటుంది. గోఫియో అని ఇంకోటి ఉంది, వేయించిన ధాన్యం పిండి, అచ్చం మన పేలపిండే. పాలల్లో కలుపుకుని తాగి బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. దాన్నే పులుసులో కలిపి పెడితే మాత్రం అందులో చేపో మాంసమో ఉంటుంది, అడిగి తినండి.

విలాఫ్లోర్ దాటాక దుకాణాలు ఉండవు. "బావా, రెండు బాటిళ్లూ నింపావా?" అని ఒకరినొకరు అడుక్కునే కదిలేవాళ్లం. టీఎఫ్-21 రోడ్డు పైన్ చెట్ల మధ్య సుమారు 15 కిలోమీటర్లు ఎక్కుతుంది. కొన్ని మొదళ్లు కాలి నల్లగా ఉంటాయి, పైన మాత్రం పచ్చటి చిగుళ్లు. ఈ కెనరీ పైన్ జాతి మంటల తర్వాత మళ్లీ చిగురిస్తుంది. తర్వాత చెట్లు పూర్తిగా ఆగిపోతాయి. బోకా తౌసే మలుపు తిరగ్గానే లాస్ కన్యాదాస్ అనే మహా కాల్డెరా, అంటే అగ్నిపర్వతం కుంగి ఏర్పడ్డ పెద్ద గిన్నెలాంటి పల్లం, ఆ వెనక టెయిడే. మాలో ఒక్కరి నోట్లోంచీ మాట రాలేదు. రోడ్డు పక్కన లావా గడ్డలు నల్లగా, గోధుమరంగుగా, అంచులు కత్తుల్లా ఉన్నాయి. కొంచెం ముందుకెళ్తే లాస్ అసులేహోస్ దగ్గర రాళ్లు నీలం కలిసిన ఆకుపచ్చ. భూమిలోంచి వచ్చిన వేడి ద్రవాలు ఖనిజాలను మార్చేయడం వల్ల వచ్చిన రంగు అది. ఇది నేషనల్ పార్కు, 2007 నుంచి యునెస్కో వారసత్వ స్థలం కూడా. ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకూడదు.

కాల్డెరాలో, 2,150 మీటర్ల ఎత్తున పరడోర్ హోటల్ ఉంది. 2012లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్, తర్వాత క్రిస్ ఫ్రూమ్ సాధన చేసింది ఈ రోడ్ల మీదే. ప్రొఫెషనల్ జట్లు ఈ హోటల్లోనే దిగుతుంటాయి. రేటు ఎక్కువ, గదులు తక్కువ. ఒక రాత్రి నక్షత్రాల కోసం ఉండొచ్చు. ఎత్తు అలవాటు లేనివాళ్లకి నిద్ర సరిగ్గా పట్టదు, కాబట్టి మర్నాడు పెద్ద రైడ్ పెట్టుకోవద్దు. గది తీసుకోకపోయినా కింద కెఫెటేరియాలో కాఫీ తాగొచ్చు, నీళ్లు కొనుక్కోవచ్చు. మా లెక్కకి అదే చాలు.

సైకిల్ ఇక్కణ్ణుంచి మోసుకెళ్లొద్దు. పెట్టె కట్టడం, ఎయిర్‌లైన్ చార్జీలు, విమానాలు మారేటప్పుడు గుండె దడ, ఇంత అవసరం లేదు. సొంత పెడల్స్, సాడిల్, హెల్మెట్ తీసుకెళ్లి కార్బన్ బండి అద్దెకు తీసుకోండి. ముందు 34, వెనక 32 పళ్లు ఉన్న గేర్లు కావాలని బుకింగ్‌లోనే రాయండి. మాకిచ్చిన వాటిలో ఒకదాని బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయి. దుకాణం వదలకముందే చూసి మార్పించుకున్నాం. ఈ దిగుళ్లలో ఆ పని తప్పనిసరి.

రోడ్డు మీద మర్యాద చూసి నిజంగా మనసు నిండింది. సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలని అక్కడి చట్టం. బస్సు డ్రైవర్లు కూడా మలుపు అయ్యేదాకా మా వెనకే ఓపిగ్గా వచ్చారు. బళ్లారి రోడ్డు మీద లారీలు మోచేతిని రాసుకుంటూ పోయే మనకి ఇది కొత్త అనుభవం. కుడివైపు నడపాలన్నది మాత్రం రౌండబౌట్ల దగ్గర ప్రతిసారీ గుర్తుచేసుకోవాలి.

నెలల సంగతికొస్తే, జనవరి, ఫిబ్రవరిలో పైన మంచు పడి రోడ్డు మూసేసే అవకాశం ఉంది. మే, జూన్ మంచివి, తహినాస్తే ఎర్రపూల కంకులు మనిషికంటే ఎత్తుగా లేచి ఉంటాయి. సహారా దుమ్ము గాలి, అక్కడివాళ్లు కలీమా అంటారు, వీచిన రోజు తొక్కకండి, గొంతు, ఊపిరితిత్తులు రెండూ పాడవుతాయి.

దిగడానికి వచ్చిన దారి కంటే చియో వైపు టీఎఫ్-38 మేలు. 1798లో మూడు నెలలు పొంగిన లావా మీదుగా, 1909లో పేలిన చిన్యేరో దగ్గర్నుంచి పోతుంది ఈ రోడ్డు. మలుపులు విశాలం, ట్రాఫిక్ తక్కువ. పడమటి గాలి పక్కనుంచి నెడితే లోతు రిమ్ముల చక్రాలు ఊగుతాయి, అందుకని మామూలు రిమ్ములే అడగండి. జాకెట్, నిండు గ్లోవ్స్ జేబులో ఉండాలి. చియోలో చిన్న బార్లున్నాయి, మధ్యాహ్న భోజనం అక్కడ కానిచ్చి, వేడి సాక్సులు విప్పి, తీరానికి దిగొచ్చు.