రంగుల 'మాయాబజార్': నటుల కోసం చూడవలసిన ప్రతి

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ 1957లో అందించిన 'మాయాబజార్'కు 2010లో వచ్చిన రంగుల ప్రతిని, రంగులద్దిన పనితనం కోసం కంటే నటీనటుల కోసం చూడడం మేలు.

ఈ చిత్రంలో నా మొదటి ఓటు సావిత్రికే. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి అభినయించేటప్పుడు, 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతును ఘంటసాల గొంతు అందుకోగానే, ఆమె నిలబడే తీరులోనూ చూపులోనూ రాక్షస దర్పం పొంగుకొచ్చి, మరుక్షణమే పెళ్లికూతురి సిగ్గులోకి ఒదిగిపోతుంది. సంభాషణ సాయం లేకుండా ఒకే దేహంలో ఇద్దరిని చూపడం నేటికీ అరుదే. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిలో భీకరత్వం కంటే పసితనమే నాకు ఎక్కువగా నచ్చుతుంది. పింగళి నాగేంద్రరావు మాటలు ఆయన నోట విందు భోజనమంత తృప్తినిస్తాయి. కృష్ణుడిగా రామారావు చిరునవ్వుతోనే కథను నడిపిస్తారు. అభిమన్యుడి పాత్రలో నాగేశ్వరరావుకు అంత అవకాశం లేదు. లక్ష్మణకుమారుడిగా రేలంగి మాత్రం (ఆయన తెరపైకి రాగానే నవ్వకుండా ఉండగలిగినవారిని నేను చూడలేదు) డాంబికాన్ని, పిరికితనాన్ని ఏకకాలంలో పండించారు.

రంగులు నగలకూ పట్టువస్త్రాలకూ బాగా కుదిరినా, ముఖాల ఛాయ కొన్నిచోట్ల కృత్రిమంగా తోస్తుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో సృష్టించిన 'లాహిరి లాహిరి' వెన్నెల ఇక్కడ కొంత పలుచబడింది. నిడివి తగ్గించడం కూడా అభిమానులకు రుచించదు.