టైటానియం మీద నానోట్యూబులు: హెచ్‌ఎఫ్ నీళ్లా, గ్లైకాలా?

నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో ఎంఎస్సీ ప్రాజెక్టుకు టైటానియం రేకు మీద నానోట్యూబులు, అంటే కంటికి కనిపించనంత సన్నని టైటానియం ఆక్సైడ్ గొట్టాలు, కరెంటు పెట్టి పెంచాలనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది రేకును ఏ ద్రావణంలో ముంచాలన్నదే. 2001లో పేరొచ్చిన పద్ధతిలో నీళ్లలో కొద్దిగా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం (హెచ్‌ఎఫ్) కలుపుతారు. తర్వాత వచ్చిన పద్ధతిలో ఇథిలీన్ గ్లైకాల్‌లో 0.3 శాతం అమ్మోనియం ఫ్లోరైడ్, 2 శాతం నీళ్లు ఉంటాయి. నా ఓటు గ్లైకాల్‌కే.

రెండింటిలోనూ పని చేసేది ఫ్లోరైడే. రేకును పవర్ సప్లయ్ పాజిటివ్‌కు కలపగానే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది, కరెంటు పడిపోతుంది. మీటర్ చూసి టెన్షన్ పడొద్దు, అలా పడాలి కూడా. రేకు మీద ఊదా, నీలం రంగులు పారి మాసిపోతాయి. ఈలోగా ఫ్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ కరిగించి గుంటలు చేస్తుంది. గుంట అడుగున పొర పలచన, అందుకే విద్యుత్ క్షేత్రం అక్కడ బలంగా ఉంటుంది. ఆక్సైడ్ పెరగడం, కరగడం రెండూ అక్కడే జోరుగా సాగి గుంట లోతవుతుంది, కరెంటు కాస్త లేస్తుంది. చోటు కోసం గుంటలు ఒకదాన్నొకటి నెట్టుకుని చివరికి ఒకే సైజుకు సర్దుకుంటాయి. అచ్చు పెట్టకుండానే వరుస వచ్చేది ఇలాగే. ఆక్సైడ్ కరగడం కన్నా ఒత్తిడికి మెత్తబడి పైకి జరగడమే అసలు కారణమని వాదించేవాళ్లూ ఉన్నారు.

తేడా పైకొనల దగ్గర తెలుస్తుంది. హెచ్‌ఎఫ్ నీళ్లలో అడుగున గొట్టం పెరిగినంత వేగంగా పైన కరిగిపోతుంది, అందుకే పొడవు అర మైక్రోమీటరు దగ్గర ఆగిపోతుంది. గ్లైకాల్‌లో నీళ్లు తక్కువ కాబట్టి పైన కరగడం నెమ్మది. 60 వోల్టుల దగ్గర గంటల తరబడి ఉంచితే పదుల మైక్రోమీటర్ల గొట్టాలొస్తాయి. కాంతితో పనిచేసే ప్రయోగాలకు ఈ పొడవు కావాలి. 30 వోల్టుల సప్లయ్ మాత్రమే ఉంటే, అది డ్యూయల్ ఛానెల్‌దైతే రెండు ఛానెళ్లనూ సిరీస్‌లో కలుపుకోవచ్చు.

గ్లైకాల్‌కూ ఒక జబ్బుంది: గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత తీసి ఉంచితే నీటి శాతం మారి, గొట్టాల గోడల మీద వెదురు గణుపుల్లాంటి వలయాలు వస్తాయి. ఏ ద్రావణంలో పెంచినా గొట్టాలకు స్ఫటిక రూపం ఉండదు. 450 డిగ్రీల దగ్గర కాలిస్తే అనటేజ్ అనే స్ఫటిక రూపానికి వస్తాయి.

హెచ్‌ఎఫ్ జోలికి పోవద్దనడానికి చర్మం చాలు. పలచటిది పడితే నొప్పి గంటల తర్వాత గానీ తెలియదు, అప్పటికే లోపలికి ఇంకి ఉంటుంది. ఈ గాయానికి రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని ల్యాబులో దాని సీసా తెరవకూడదు. గాజు బీకరూ పనికిరాదు.

ఇక వాడేసిన ద్రావణం. 100 మిల్లీలీటర్ల గ్లైకాల్ ద్రావణంలో ఫ్లోరైడ్ దాదాపు 170 మిల్లీగ్రాములు. అదే 0.5 శాతం హెచ్‌ఎఫ్‌లో 475. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రామే మేలని ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేశాయో చూసిన జిల్లాలో దీన్ని సింకులో ఎలా పోస్తాం? హెచ్‌ఎఫ్ నీళ్లకు సున్నం కలిపితే కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగుతుంది. అయినా లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా మిగులుతుంది కాబట్టి పటిక కూడా పడాలి. సున్నం, పటికలతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే ఉంది. గ్లైకాల్‌కు ఈ ఉపాయం అంత సులువుగా కుదరదు. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా పోగుచేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్లేవాళ్లకు ఇవ్వాలి. ఈ విషయంలో హెచ్‌ఎఫ్‌దే పైచేయి.

ఎముక ఇంప్లాంట్ల మీద పని అయితే లెక్క మారుతుంది. 15 నానోమీటర్ల వ్యాసమున్న గొట్టాల మీద కణాలు బాగా అతుక్కుంటాయని 2007లో తేలింది. వాటికి పొడవు అక్కర్లేదు, కొద్ది వోల్టులు, నీటి ద్రావణం సరిపోతాయి. అప్పుడు మాత్రం హెచ్‌ఎఫ్, అదీ అనుభవమున్నవాళ్లు పక్కన నిలబడితేనే.