మిషన్‌లో ఉన్న పిల్లాడికి వారానికో ఫోనా, ఏడాదికి రెండు ఫోన్లా: ఏది మేలు?

బయటవాళ్లు మోర్మన్ చర్చి అనే లేటర్-డే సెయింట్స్ చర్చిలో, పెళ్లికాని కుర్రాళ్లు రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇల్లు వదిలి మిషన్‌కి, అంటే మతబోధ చేసే సేవకి, వెళ్తారు. ఊరు మనం ఎంచుకునేది కాదు, పంపిన చోటికి వెళ్లాలి. జీతం ఉండదు. ఖర్చు సొంతంగానో ఇంటివాళ్లో పెట్టుకోవాలి, లేనివాళ్లకి చర్చి సాయం చేస్తుంది.

2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ చేసేది మామూలుగా ఏడాదికి రెండుసార్లే: క్రిస్మస్‌కి, మదర్స్ డేకి. మిగతా రోజుల్లో వారానికో మెయిల్. (మదర్స్ డే ఎప్పుడొస్తుందో మా అమ్మకి నేను మిషన్‌కి వెళ్లాకే తెలిసింది.) ఆ నెలలో రూలు మారింది. ఇప్పుడు వారానికోసారి, పీ-డే (ప్రిపరేషన్ డే, సొంత పనులకి వదిలేసే రోజు, మామూలుగా సోమవారం) నాడు, ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చు. నేను పాత పద్ధతిలో వెళ్లొచ్చాను, మా పిన్ని కొడుకు కొత్త పద్ధతిలో. కలిసినప్పుడల్లా మా ఇద్దరికీ ఇదే వాదన.

రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే గానీ ఈ గొడవ అర్థం కాదు. పొద్దున ఆరున్నరకి లేవాలి. ప్రార్థన, కాస్త వ్యాయామం, ఒక్కడివే కూర్చుని లేఖనాలు చదవడం, తర్వాత కంపానియన్‌తో కలిసి చదవడం. ఆపైన బయటికి. రాత్రి పదిన్నరకి లైట్లు ఆపేయాలి. కంపానియన్ అంటే ఆ ప్రాంతం మిషనరీలందరినీ చూసుకునే మిషన్ ప్రెసిడెంట్ మనకి జతచేసిన తోటి మిషనరీ. బయటికెళ్లినా, వంట చేసినా, ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే ఉండాలి. ట్రాన్స్‌ఫర్లు (ఊరో, జతో మారడం) సాధారణంగా ఆరువారాలకోసారి వస్తాయి కాబట్టి ఎవరితో ఎన్నాళ్లో ముందే చెప్పలేం. పీ-డే ఒక్కటే కాస్త ఊపిరి పీల్చుకునే రోజు. బట్టలు ఉతకడం, సరుకులు, క్షవరం అన్నీ ఆ రోజే.

పాత పద్ధతిలో ఒక మేలు ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. కంపానియన్‌కి పప్పులో కారం పడదు, నాకు ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు. ఇద్దరం ముఖాలు మాడ్చుకుని కూర్చుంటే అమ్మకి ఫోన్ చేసి చెప్పుకునే దారి లేదు. అతనితోనే తేల్చుకోవాలి, లేదంటే రాత్రి మోకాళ్ల మీద దేవుడికి చెప్పుకోవాలి. మాటవరసకి చేసే ప్రార్థన నిజంగా అడిగే ప్రార్థనగా మారింది ఆ రోజుల్లోనే. మెయిల్ రాయాల్సి రావడం కూడా మంచిదే అయింది. వారమంతా ఏం జరిగిందో ఒక పేజీలో పెట్టాలంటే ఏది ముఖ్యమో మనమే ఏరుకోవాలి. వీడియో కాల్‌లో ఆ ఏరుకోవడం ఉండదు. "తిన్నావా? చిక్కిపోయావేంట్రా" దగ్గరే సగం టైం అయిపోతుంది.

కానీ ఆ రూలు ఉత్తరాలు రాసుకునే ఇళ్లకి సరిపోయే రూలు. అమెరికాలో ఈ చర్చికి కేంద్రమైన యూటాలో తాతల కాలం నుంచి చర్చిలో ఉన్న కుటుంబాలకి అది కొత్త కాదు. 1850లలో అక్కడి నుంచి కలకత్తాకి, మద్రాసుకి వచ్చిన మిషనరీలకి ఇంటి కబురంటే నెలల తరబడి ఓడలో వచ్చే ఉత్తరమే. మన ఇళ్లు అలాంటివి కావు. మా అమ్మకి టైపింగ్ రాదు. నేను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగుని పక్కింటి పిల్ల చదివి వినిపించాలి. ఆ పిల్ల ముందు అమ్మ ఏం అడుగుతుంది, నేనేం రాస్తాను? పైగా రాజమండ్రిలోనో విశాఖలోనో చర్చిలో చేరింది కొడుకొక్కడే అయిన ఇళ్లు ఉన్నాయి. అమ్మానాన్నలది వేరే నమ్మకం. తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల బ్యాడ్జి వేసుకుని వీడేం చేస్తున్నాడో వాళ్లకి అంతుపట్టదు. కాల్‌లో కంపానియన్ ముఖం చూసి, "నమస్తే ఆంటీ" అన్న మాట వింటే సగం భయం పోతుంది. మిషన్‌లో ఇంటివాళ్లకీ భాగం ఉండాలన్న ఉద్దేశంతోనే రూలు మార్చామని చర్చి కూడా అప్పట్లో చెప్పింది.

కొత్త పద్ధతికీ ఇబ్బంది లేకపోలేదు. ఇంటి టెన్షన్లు ఫోన్ వెంట వచ్చేస్తాయి. సోమవారం అప్పులవాడి గొడవ విన్న కుర్రాడు మంగళవారం ఎవరికి ఏం పాఠం చెబుతాడు? మా తమ్ముడికైతే కాల్ అయిన రాత్రే ఇంటి మీద బెంగ ఎక్కువయ్యేదట.

ఆరోగ్యం బాగాలేక దూరం వెళ్లలేనివాళ్లు ఇంట్లోనే ఉండి చేసే సర్వీస్ మిషన్ కూడా ఉంది. వాళ్లకి ఈ లెక్కే రాదు.

నా ఓటు వారానికో ఫోన్‌కే. ముఖ్యంగా ఇంట్లోంచి మొదటిసారి వెళ్తున్నవాడికి, మొదటి నెలల్లో. బెంగతో కుమిలిపోతేనే విశ్వాసం పెరుగుతుందంటే నేను ఒప్పుకోను, నాకు అలా పెరిగినా సరే. అయితే కాల్ చిన్నదిగా ఉండాలి, మెయిల్ మానకూడదు. అప్పులు, సంబంధాల గొడవలు ఫోన్‌లో ఎత్తకూడదని బయల్దేరే ముందే ఇంట్లో అనుకోవాలి. ఇంకోటి, కాల్ చేయాల్సింది మిషనరీయే, ఇంటివాళ్లు కాదు. ప్రతి వారం చేసి తీరాలనీ లేదు. ఒక సోమవారం ఫోన్ రాకపోతే, ఉతికిన బట్టలు ఆరేసుకుంటున్నాడో, ట్రాన్స్‌ఫర్ మీద రైలెక్కాడో అనుకుని ఊరుకోవడమే.