చెకుముకి రైఫిల్‌తో పదకొండు సీజన్లు: నా లెక్కలో 75 గజాలే

ఈ రైఫిల్ 2013లో కొన్నాను. .50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం), మూతి నుంచి మందు దట్టించేది, చెకుముకి రాయితో నిప్పు పుట్టేది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ వెళ్ళగానే వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి తుపాకీ) జింకల వేట సీజన్ కోసమే కొన్నది. 1974 నుంచి నడుస్తున్న సీజన్ అది. అందులో స్కోపు (తుపాకీ మీద బిగించే దుర్బిణి) పనికిరాదు. నా రైఫిల్‌కి ఉన్నవి ఓపెన్ సైట్లు, అంటే గొట్టం మీద గురి చూసుకునే వెనక గాడి, ముందు గింజ. (మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింక వేట నేరం. నేను రాసేది ఇక్కడ లైసెన్సుతో చేసే వేట గురించి మాత్రమే.)

ఎంత దూరం కొడుతుందని అందరూ అడుగుతారు. బల్ల మీద ఆనించి, మంచి వెలుతురులో కాలిస్తే 100 గజాల దగ్గర ఐదు గుండ్లు నాలుగు అంగుళాల్లో పడతాయి. 80 గ్రెయిన్ల (సుమారు ఐదు గ్రాముల) నల్లమందు, గుడ్డముక్కలో చుట్టిన .490 అంగుళాల సీసపు గుండు, ఇదీ నా లోడు. మందు 90కి పెంచితే గుండ్లు చెదిరిపోయాయి. ఎందుకో తెలియక తుపాకీ ముందు మంచులో పడ్డ గుడ్డముక్కలు ఏరి చూశాను. 80తో కాల్చినవి అంచులు కాస్త నల్లబడి గుండ్రంగా ఉన్నాయి, 90తో కాల్చినవి మధ్యలో కాలి చిల్లులు పడ్డాయి. గుడ్డ కాలిపోతే గుండుకి గొట్టంలో పట్టు ఉండదు. ఆ రోజు నుంచి 80 దాటలేదు.

అసలు చిక్కు సైట్ల దగ్గరుంది. ముందు గింజ వెడల్పు 0.08 అంగుళం. కంటికి గజం పైచిలుకు దూరంలో ఉండే ఆ గింజ, 100 గజాల అవతల ఏడెనిమిది అంగుళాల మేర కప్పేస్తుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కూడా దాదాపు అంతే. అంటే ఎక్కడ కొట్టాలో ఆ చోటే కనపడదు! పైగా 75 గజాలకు గురి సరిచేసుకుంటే, 100 దగ్గర గుండు మూడు అంగుళాలు కిందికి, 125 దగ్గర దాదాపు తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. గంటకు పది మైళ్ళ గాలి అడ్డంగా వీస్తే 100 గజాల్లో తొమ్మిది పది అంగుళాలు పక్కకి పోతుంది. గుండ్రటి సీసం వేగాన్ని అంత తొందరగా పోగొట్టుకుంటుంది మరి.

నాలుగో సీజన్‌లో ఇదంతా తెలిసీ తప్పు చేశాను. సాయంత్రం, లారెల్ పొదల అంచున ఆడ జింక. తొంభై గజాలుంటుందనుకుని కాల్చాను. తర్వాత అడుగులు లెక్కపెడితే 118. గుండు కిందికి దిగి ముందు కాలికి తగిలింది. చీకటి పడేదాకా మంచులో నెత్తుటి చుక్కల వెంట వెళ్ళాను, మర్నాడు పొద్దున్న మళ్ళీ వెళ్ళాను, దొరకలేదు. ఆ జింక పడ్డ బాధకి కారణం నేనే. అప్పటి నుంచి కూర్చునే చోటు చుట్టూ 75 గజాల దగ్గరున్న చెట్లను ముందే గుర్తుపెట్టుకుంటాను. వాటి అవతల ఏం కనిపించినా గుర్రం (చెకుముకి రాయిని పట్టుకుని ఉండే తుపాకీ సుత్తి) ఎత్తను.

రెండు మార్పులు మాత్రం బాగా ఉపయోగపడ్డాయి. నలభై ఏడేళ్ళు వచ్చేసరికి నా కంటికి వెనక సైటు గాడి మసకబారింది. తుపాకీ మిస్త్రీ దాన్ని గొట్టం మీద నాలుగు అంగుళాలు ముందుకి జరిపాడు. గాడి మళ్ళీ పదునుగా కనిపించింది. రెండోది, ఇత్తడి గింజకి కొవ్వొత్తి మసి పట్టించడం. ఎండ ఒక పక్క నుంచి పడితే మెరిసే వైపే గింజ మధ్య అనిపించి గురి తప్పుతుంది. మసి పూస్తే ఆ మెరుపు ఉండదు.

ట్రిగ్గర్ నొక్కాక రంజకం, అంటే పక్కనున్న పళ్ళెంలో పోసే సన్నమందు, భగ్గుమని లోపలి మందు అంటుకునేదాకా రెప్పపాటు ఆలస్యం ఉంటుంది. ఆ రెప్పపాటూ గింజని కదపకుండా పట్టుకోవడానికి నాకు రెండు వేసవుల సాధన పట్టింది. పళ్ళెంలో అసలు నల్లమందే వాడండి, దాని బదులు అమ్మే మందులు చెకుముకి నిప్పురవ్వకి సరిగా అంటుకోవు.

కాల్చిన రాత్రే వేడినీళ్ళతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించాలి. ఒకసారి అలిసిపోయి పొద్దున్న చూద్దాంలే అని పడుకున్నాను. తెల్లారి గుడ్డ తిప్పితే ఎర్రగా తుప్పు వచ్చింది.