నెయిల్ పాలిష్ గీత: తాబేలు తొట్టెకి నేనే చేసుకున్న నీటి ఏర్పాటు, రెండున్నరేళ్ల తర్వాత

మా హాల్లో తాబేలు తొట్టె గాజు మీద, అడుగు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీసిన గీత ఒకటి ఉంది. మొన్న మే నెలలో ఐదు రోజులు పాలకొల్లు వెళ్లి వచ్చినప్పుడు, చెప్పులు విప్పకముందే నేను చూసింది ఆ గీతనే. నీళ్లు సరిగ్గా గీత దగ్గరే ఉన్నాయి. మా తాబేలు బుజ్జమ్మ తొట్టెలోని బల్ల మీద, దీపం కింద, వెనక కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. హైదరాబాద్ ఎండలో ఐదు రోజులు తాళం వేసిన ఫ్లాటు. అయినా ఆ నీటిమట్టం ఒక్క వేలు కూడా దిగలేదు. నీళ్లు తగ్గినప్పుడల్లా తనంతట తనే నింపే ఈ ఏర్పాటు మీద నాకున్న ప్రేమంతా ఆ ఒక్క గీత గురించే. మిగతా విషయాల్లో నా అభిప్రాయం చాలాసార్లు మారింది, అవీ చెప్తాను.

చేపల తొట్టెలో నీళ్లు నాలుగు వేళ్లు తగ్గితే పెద్దగా ఏమీ కాదు. తాబేలుకి అలా కాదు. అది నీళ్లలోంచి బల్ల మీదికి ఎక్కి ఒళ్లు ఆరబెట్టుకోవాలి. వేడి తగిలితేనే తిన్నది అరుగుతుంది, ఒళ్లు ఆరితేనే డిప్పకి, చర్మానికి జబ్బులు రాకుండా ఉంటాయి. మా బల్ల కదలకుండా గాజుకి బిగించినది. రెండున్నరేళ్ల క్రితం ఏప్రిల్ మొదట్లో నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి నీళ్లు బాగా దిగిపోయి, బల్లకి ఎక్కే మెట్టు గాల్లో ఉంది. ఫిల్టర్ గాలి పీల్చి పీల్చి మోటారు కాలిపోయింది. బుజ్జమ్మ ఎక్కడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో గానీ, ముందు కాళ్ల దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ వారమే ఈ పని మొదలుపెట్టాను.

ఏర్పాటు పెద్దదేమీ కాదు. ఇంట్లో ఆర్ఓ వాటర్ ప్యూరిఫయర్ లోపలి ట్యాంకులో చిన్న ఫ్లోట్ వాల్వ్ ఉంటుంది కదా, నీళ్లు నిండగానే తేలి పైపు మూసేది, అదే. రాణిగంజ్‌లో వాల్వ్, దానికి పట్టే పావు అంగుళం తెల్ల పైపు, రెండు కనెక్టర్లు, టెఫ్లాన్ టేపు, అన్నీ కలిపి 600 రూపాయల లోపే అయ్యాయి. కరెంటు అక్కర్లేదు, సెన్సార్ లేదు. నీళ్లు తగ్గితే ఫ్లోట్ దిగుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. నిండితే మూసుకుంటుంది. మా తొట్టె 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. అంటే ఒక సెంటీమీటరు నీళ్లంటే దాదాపు 4 లీటర్లు. ఎండాకాలంలో ఫ్యాను గాలికి, దీపం వేడికి మా ఇంట్లో రోజుకి సుమారు అంతే ఆవిరైపోతుంది. ఈ 4 లీటర్ల లెక్క గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

మొదట్లో నేను పైపుని బాల్కనీలో వాషింగ్ మెషీన్ కుళాయికి నేరుగా కలిపాను. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే లైను అది. నీళ్లకి కొరతే లేదు, ఇక తొట్టె పనే లేదు అనుకుని తెలిసిన వాళ్లందరికీ చెప్పాను. ఇద్దరు స్నేహితులు నా మాట విని అలాగే పెట్టుకున్నారు కూడా. తర్వాత వాళ్లకి ఫోన్ చేసి తీసేయమని బతిమాలాల్సి వచ్చింది. ఎందుకంటే ఆగస్టులో ఇది జరిగింది.

ఫ్లోట్ అప్పట్లో తొట్టె మూలలో, ఏ అడ్డూ లేకుండా నీళ్లలో ఉండేది. కొన్నాళ్లకి బుజ్జమ్మ దాన్ని కనిపెట్టింది. ముక్కుతో ఫ్లోట్‌ని కిందికి నొక్కేది, పైనుంచి చల్లని నీళ్లు సన్నగా ధారగా పడేవి, ఆ ధార కింద తల పెట్టి ఆడుకునేది. మేమంతా చుట్టూ చేరి వీడియోలు తీసేవాళ్లం. ఒక జంతువు తనకి కావాల్సినది తనే తెచ్చుకోవడం చూస్తుంటే ఎంత ముచ్చటగా ఉండేదో. అక్కడే ప్రమాదం ఉందని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆ రాత్రి అది ఫ్లోట్‌కీ ఫిల్టర్ పైపుకీ మధ్య దూరినట్టుంది. ఫ్లోట్ చెయ్యి ఫిల్టర్ పైపు కింద ఇరుక్కుని అలాగే ఉండిపోయింది. వాల్వ్ పూర్తిగా తెరిచి ఉంది. తర్వాత ఆ పైపు కింద బకెట్ పెట్టి కొలిస్తే 15 లీటర్ల బకెట్ పది నిమిషాల్లో నిండింది. తొట్టెలో గీత నుంచి అంచు దాకా ఉన్న ఖాళీ 60 లీటర్లు. అంటే నలభై నిమిషాల్లో అంచు దాటి ఉంటుంది. మేము లేచింది తెల్లవారుజామున నాలుగున్నరకి, అత్తయ్య గారి కేకతో. "అమ్మాయ్, హాలంతా నీళ్లేంటి, లేవండి లేవండి!"

హాలు, నడవ, పిల్లల గది, అంతా పాదాలు తడిసే నీళ్లు. దీపానికీ ఫిల్టర్‌కీ కరెంటు ఇచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డు చిన్న పీట మీద ఉంది, నీళ్లు దానికి రెండు వేళ్ల కింద ఉన్నాయి. మా ఆయన అందరినీ మంచాల మీదే ఉండమని, నీళ్లు చేరని వంటింటి పక్క నుంచి వెళ్లి మెయిన్ ఆపేశారు. ఆ రెండు వేళ్ల దూరం తల్చుకుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఈ ఏర్పాటు చేసుకునేవాళ్లు ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోకండి: బోర్డు గోడకి, తొట్టె కంటే ఎత్తులో ఉండాలి. వైరు కూడా ముందు కిందికి వేలాడి, తర్వాత పైకి వెళ్లి బోర్డులో చేరాలి. అప్పుడు వైరు మీదుగా జారే నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడుతుంది, ప్లగ్గు దాకా పోదు.

టార్చి పట్టుకుని తొట్టెలో చూస్తే బుజ్జమ్మ లేదు. నీళ్లు అంచు దాకా వచ్చాక దానికి బయటికి రావడం ఒక అడుగు దూరం. రెండడుగుల ఎత్తు స్టాండు మీంచి కింద పడింది. అరగంట వెతికితే చెప్పుల స్టాండు వెనక, గోడ మూలకి తల పెట్టుకుని, లోపలికి ముడుచుకుని కనిపించింది. డిప్ప అంచు చిన్న ముక్క ఎగిరిపోయింది. వెటర్నరీ డాక్టరు చూసి లోపలికి దెబ్బ తగల్లేదని చెప్పేదాకా నాకు అన్నం సహించలేదు. మందు రాసి కొన్ని రోజులు ఎక్కువసేపు పొడిగా ఉంచమన్నారు. అంచు మళ్లీ గట్టిపడింది గానీ ఆ నొక్కు మాత్రం ఇప్పటికీ ఉంది.

కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్‌కి చెమ్మ దిగింది, పెయింటు వేయించి ఇచ్చాం. ఆ గొడవలో ఒకరిద్దరు "ఇంత తలనొప్పి ఎందుకండీ, ఏ చెరువులోనో వదిలేయండి" అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. చెవుల దగ్గర ఎర్ర చారలుండే ఈ రెడ్ ఇయర్డ్ స్లైడర్ మన దేశపు తాబేలు కాదు, అమెరికాలో మిసిసిపీ నది పరిసరాలది. మన చెరువుల్లో వదిలితే అక్కడి తాబేళ్ల తిండి, చోటు లాక్కుంటుంది. చాలా ఏళ్లు బతుకుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు దానికి మామూలే. తెచ్చుకున్నాక అన్నేళ్లూ మనమే చూసుకోవాలి.

కుళాయి లైను ఆ రోజే పీకేశాను. తొట్టె పక్కన ఇనుప స్టాండు పై అరలో 20 లీటర్ల వాటర్ క్యాన్ పెట్టి, అడుగున చిన్న కుళాయి బిగించి, అక్కడి నుంచి పైపు తెచ్చాను. వాల్వ్ అదే, పైపు అదే. మారింది ఒక్కటే, ఈసారి నీళ్లకి ఒక హద్దు ఉంది. ఇక్కడ మళ్లీ ఆ 4 లీటర్ల లెక్క. వాల్వ్ పూర్తిగా చెడి క్యాన్ మొత్తం తొట్టెలోకి దిగినా నీళ్లు పెరిగేది 5 సెంటీమీటర్లే. అంచుకి ఇంకా 10 సెంటీమీటర్లు మిగులుతుంది. ఒక్క చుక్క బయటికి రాదు, బుజ్జమ్మా రాదు. మీ తొట్టె కొలతలు వేరైతే ముందు ఈ లెక్క వేసుకోండి, తర్వాతే క్యాన్ కొనండి.

ఫ్లోట్ చుట్టూ 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, దానికి సన్నని రంధ్రాలు వేసి, లోపలా బయటా అంచులు ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాను. దాని గోళ్లు అందులో ఇరుక్కోకూడదు కదా. ఆట పోయిందని మా అమ్మాయి బాధపడింది, నాకూ కాస్త బాధగానే ఉంది. కానీ అప్పటి నుంచి ఫ్లోట్ జోలికి బుజ్జమ్మ వెళ్లలేకపోయింది.

క్యాన్ పెట్టిన మొదటి రెండు రోజులు నీళ్లు కాస్త వచ్చి ఆగిపోయేవి. వాల్వ్ విప్పి చూశాను, పైపు ఊది చూశాను. తీరా చూస్తే మూత గట్టిగా బిగించాను. గాలి లోపలికి వెళ్లే దారి లేకపోతే నీళ్లు కిందికి దిగవు. మూత తీసేసి, దోమలు గుడ్లు పెట్టకుండా మూతికి పల్చని గుడ్డ కట్టాను. అలా తెరిచి ఉంచడం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పోతుంది. ఆ క్లోరిన్ ఫిల్టర్‌లో మురికిని శుభ్రం చేసే మంచి బాక్టీరియాని చంపేస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నేను మొదట్లో పొగిడిన మాట గురించి. "ఇక తొట్టె పనే లేదు" అన్నాను కదా, అది తప్పు. ఆ తప్పుకి బుజ్జమ్మ కళ్లు వాచాయి.

క్యాన్ పెట్టాక ఆరేడు నెలలు అంతా సజావుగా ఉంది. రోజూ గీత చూసేదాన్ని, నీళ్లు గీత దగ్గరే ఉండేవి, తృప్తిగా వెళ్లిపోయేదాన్ని. మట్టం సరిగ్గా ఉంటే నీళ్లు బాగున్నట్టే అనిపించేది. వారం వారం మార్చాల్సిన నీళ్లు పది రోజులకి, మూడు వారాలకి జరిగాయి. ఆ మార్చి చివర్లో ఒకరోజు తిండి వేస్తే రాలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు కళ్లూ ఉబ్బి మూసుకుపోయాయి. అంతకు ముందు చెంబుతో నీళ్లు పోసేటప్పుడు రోజూ దాని మొహంలోకి చూసేదాన్ని. వాల్వ్ ఆ చూపుని నా దగ్గర్నుంచి తీసేసింది. వాపు మొదలై నాలుగైదు రోజులై ఉంటుందని డాక్టరు అన్నారు. మురికి నీళ్లు ఒక కారణం, విటమిన్ ఏ తగ్గడం ఇంకో కారణం కావచ్చన్నారు. మందులు, తిండిలో మార్పు, శుభ్రమైన నీళ్లు, వీటితో మూడు వారాలకి కళ్లు తెరిచింది.

అప్పుడే టీడీఎస్ పెన్ను, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించేది, తెచ్చి కొలిచాను. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు 700 చూపించింది, తొట్టె నీళ్లు 1,600 దాటింది. ఆలోచిస్తే అర్థమైంది. తొట్టెలో ఉన్నది 120 లీటర్లు. ఎండలు ముదిరాక రోజుకి 4 లీటర్ల చొప్పున 30 రోజుల్లో తొట్టెడు నీళ్లూ ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, వాటిలోని ఉప్పులు తొట్టెలోనే ఉండిపోతాయి. దాని మీద మళ్లీ తొట్టెడు బోరు నీళ్లు వచ్చి చేరతాయి, వాటి ఉప్పులతో సహా. తాబేలు విసర్జనలోంచి పుట్టే నైట్రేట్ కూడా అంతే, ఎక్కడికీ పోదు. పోసినంత మాత్రాన నీళ్లు మార్చినట్టు కాదు.

ఇప్పుడు క్యాన్‌లో బోరు నీళ్లు పోయడం లేదు. వంటింట్లో రోజు విడిచి రోజు వచ్చే మంజీరా నీళ్లే, అంటే మున్సిపల్ నీళ్లే, పోస్తున్నాను. ఆదివారం ఆదివారం 40 లీటర్లు బకెట్లతో తీసి పోస్తున్నాను. ఆ పనికి ఈ ఏర్పాటు ఏమాత్రం పనికిరాదు, అంత సన్నని పైపుతో పోస్తూ కూర్చుంటే గంటలు పడుతుంది. పాత నీళ్లు తీయడానికి పైపుని నోటితో పీల్చకండి. తాబేళ్ల నీళ్లలో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండొచ్చు, చూడ్డానికి తాబేలు ఆరోగ్యంగా ఉన్నా సరే. నేను చేత్తో నొక్కే చిన్న రబ్బరు పంపు వాడతాను, బకెట్లు బాత్రూంలోనే కడుగుతాను.

నిర్వహణ అంటే, మూడు నెలలకోసారి వాల్వ్ విప్పి వెనిగర్‌లో నానబెడతాను. బోరు నీళ్లు పోసిన రోజుల్లో రబ్బరు వాషర్ మీద తెల్లగా సున్నం పేరుకుని చుక్కలు చుక్కలుగా కారేది. ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పటికి రెండు వాల్వ్‌లు మార్చాను. పీవీసీ ముక్క రంధ్రాలకి నాచు పడితే లోపలి మట్టం, బయటి మట్టం తేడా వస్తుంది, దాన్ని పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. క్యాన్‌కి ఎండ తగలకూడదు. మా క్యాన్‌కి అత్తయ్య గారు పాత నల్ల పరికిణీతో ఒక తొడుగు కుట్టి ఇచ్చారు, లోపల నాచు పట్టడం లేదు.

మీకు ఇది అవసరమా అంటే, నా పరిస్థితి వేరు. నెలకోసారైనా మూడు నాలుగు రోజులు అమ్మ దగ్గరికి వెళ్లాలి, ఆవిడకి ఇప్పుడు ఒంట్లో బాగుండటం లేదు. తొట్టెలో ఉన్నది ఒకే తాబేలు, ఆరు అంగుళాలది, ఆ నాలుగైదు రోజులు తిండి లేకపోయినా తట్టుకోగలదు. దీపానికి టైమర్ ప్లగ్గు ఉంది. ఇంటి తాళం పక్కింటి వాళ్ల దగ్గర ఉంటుంది. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే నాకిది సరిపోయింది. పిల్ల తాబేళ్లు ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని ఊరెళ్లకండి, వాటిని రోజూ చూడాల్సిందే. రోజూ ఇంట్లో ఉండేవాళ్లకి చెంబు చాలు, నిజంగా. తొట్టెకి బదులు నీళ్లు ఎక్కువ పట్టే పెద్ద టబ్బు ఉన్నా దీని అవసరం అంతగా రాదు.

వచ్చే నెల మళ్లీ పాలకొల్లు వెళ్లాలి. క్యాన్ కడిగి, నీళ్లు పట్టి, గుడ్డ కట్టి ఉంచాను. వెళ్లే ముందు రోజు 40 లీటర్లు మారుస్తాను. ఎర్ర గీత కాస్త చెరిగింది, మా అమ్మాయి మళ్లీ దిద్దుతానంది.